దింపుడు కళ్ళం ఫైలు

వంతు 31

మా వీధికి నీళ్ళ వంతు వచ్చిన రోజునే రాస్తాను. ట్యాంకరు వచ్చేదాకా డ్రమ్ము బోర్లించి దానిమీద కూర్చోవడం తప్ప వేరే పని ఉండదు. కాగితం మీద, పెన్సిలుతో రాస్తాను. నోటితో చెప్పిందీ, వేలితో కొట్టిందీ ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. కాగితం ఇంకా ఎవరికీ చాడీలు చెప్పడం నేర్చుకోలేదు.

ముందు ఉద్యోగం సంగతి. ఊళ్ళో ఒకప్పుడు పెళ్ళిళ్ళు జరిగిన ఏసీ కల్యాణ మండపం ఇప్పుడు సమ్మతి కేంద్రం. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద సర్వర్లు పెట్టారు. భోజనాల హాల్లో బల్లలు మాత్రం పాతవే. బల్లకి ముగ్గురం, ఎదురుగా తెర. మనతో యుద్ధంలో ఉన్న ఏటి అవతలి గట్టు మీద తిరిగే మన గద్దలకి ఏం కనబడుతోందో ఆ తెర మీద మాకూ కనబడుతుంది. గద్దలంటే బాంబులు మోసే డ్రోన్లకి జనం పెట్టిన పేరు. సర్కారు వాటిని విహంగాలంటుంది, చంపేవాటికి ఎప్పుడూ కవిత్వం పేర్లే కావాలి కదా. తెర మీదున్నదేమిటో 'వివరణి' అనే యంత్రం చెబుతుంది. వీడు ఫలానా, వీడి చేతిలో ఉన్నది ఫలానా, సమ్మతమేనా? 'సరే' అనో 'వద్దు' అనో మేం నోరు తెరిచి చెప్పాలి. ఇద్దరు సరే అంటే గద్ద వాలుతుంది.

వివరణిది మగ గొంతు. హరికథలో దాసుగారి గొంతులా తీయగా సాగుతుంది. అందుకే మా బల్ల మీది మస్తాన్ బాబాయి దాన్ని 'దాసుగారు' అంటాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. ఇంజను పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవి పోయింది. మూడో మనిషి ఏసుమణి, నర్సు. పోయినేడు మన పంపుహౌసు మీద అవతలివాళ్ళ గద్ద వాలినప్పుడు అక్కడ వాచ్‌మన్‌గా ఉన్న వాళ్ళ తమ్ముడు పోయాడు. ఊళ్ళో మా అందరికీ ఒకటే పేరు, ఊకొట్టేవాళ్ళు. కథ చెప్పేవాడుంటే ఊకొట్టేవాళ్ళూ ఉండాలి కదా.

నేను విశాల. ఈ కుర్చీ నాకెవరో ఇచ్చింది కాదు, లాఠీదెబ్బలు తిని నేనే తెచ్చుకున్నది. 'మనిషి మాట లేకుండా మర పేలరాదు' అని గోడల మీద రాసినవాళ్ళలో నేనొకదాన్ని. చట్టం చేయక తప్పనప్పుడు సర్కారోళ్ళు ఒక వాదన తెచ్చారు. మీ జనం కళ్ళు మూసుకుని అన్నిటికీ వద్దంటారు, అప్పుడు దేశం గతేంటి అని. నేను లేచి నిలబడి చెప్పాను. మా జనానికి బుద్ధుంది. ప్రతి 'వద్దు'కీ కారణం చెబుతాం. కారణం లేని 'వద్దు' చెల్లదని రాసుకోండి, మూఢనమ్మకం కారణం కిందికి రాదని కూడా రాసుకోండి. రాసుకున్నారు. 'సరే' అనే బల్ల దొరికేదాకా ఒక మనిషి ఫైలుని బల్లబల్లకీ తిప్పకుండా, మొదలైన బల్ల దగ్గరే ముగియాలని కూడా రాయించాను.

చట్టం వచ్చింది. మరి కూర్చునేదెవరు? మనం కూర్చోవడమేమిటి, సిగ్గులేదా అన్నారు నా తోటివాళ్ళు. ఒక్క మాట అడుగుతాను, నిజాయితీగా చెప్పండి అన్నాను. వంటవాడు దొంగని తెలిస్తే వంటింట్లో నిలబడి కాపలా కాస్తారా, వీధిలో నిలబడి నినాదాలిస్తారా? వాదనలో నేను ఓడిపోవడం అరుదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇవాళ్టి కాపలా ఇలా జరిగింది. తెర మీద ఒక డాబా. తెల్లగుడ్డ పరిచి, దానిమీద వరసలు వరసలుగా ఏవో చుక్కలు. ఇద్దరు మనుషులు. "సమదూరంలో అమర్చిన వస్తువులు. ఆకాశానికి చూపే సంకేత పలక అయ్యే అవకాశం ఎక్కువ, అమ్మా" అంది వివరణి.

"సంకేతం కాదు, నీ శ్రాద్ధం! అవి గుమ్మడి వడియాలు" అన్నాను.

"కారణం వివరించండి."

వివరించాను. గుమ్మడికాయ తరగడం దగ్గర్నుంచి, పొద్దెక్కకముందే ఎందుకు పెడతారో, వరస ఎందుకు తప్పరాదో, కాకుల్ని తోలడానికి ఒకామె కర్ర పట్టుకుని ఎందుకు కూర్చుంటుందో అంతా చెప్పాను. ఆ కర్రని అది తుపాకీ అనుకుంది మరి.

మస్తాన్ బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మాయ్, దాసుగారికి ఇంగువ సంగతి చెప్పడం మర్చిపోయావు!"

ఆ డాబా మీద ఇద్దరు ఆడవాళ్ళు ఇవాళ బతికున్నారు. వాళ్ళకా సంగతి తెలియదు. ట్యాంకరు వచ్చింది, ఆపుతున్నాను.

వంతు 32

ఈ వంతు రాయడానికి చేతులు ఉబలాటపడుతున్నాయి. గర్వంగా ఉంది, దాచుకోను.

తెర మీద పొలాల మధ్య బాట. నలుగురు మనుషులు పొడవాటి వస్తువొకటి భుజాల మీద మోస్తున్నారు. వెనకాల ఓ ఇరవైమంది. బాట చీలే చోట దాన్ని కిందికి దించారు. ఒకడు దాని ఒక కొస దగ్గర వంగాడు.

"గొట్టం ఆకారం. నలుగురు మోసే బరువు. ఒకరు ముందు భాగాన్ని సిద్ధం చేస్తున్నారు. ప్రయోగానికి ముందు దశ అని అంచనా. సమ్మతమేనా?"

"సరే" అంది ఏసుమణి అప్పుడే. ఆ పిల్ల ఎప్పుడూ తెర వంక చూడదు, తన గోళ్ళ వంక చూసుకుంటుంది.

నేను లేచి నిలబడ్డాను. "ఆగు! అది పాడె. అది దింపుడు కళ్ళం!"

వివరణి ఎప్పటిలాగే కారణం వివరించమంది. ఏసుమణి తలెత్తి, "అంటే ఏందక్కా? మాలో లేదది" అంది.

ఇద్దరికీ కలిపి చెప్పాను. దేవుణ్ణి నమ్మనిదాన్ని, ఆత్మల్ని నమ్మనిదాన్ని, ఆ పూట పురోహితుడికన్నా గొప్పగా చెప్పాను. శవాన్ని శ్మశానానికి మోసుకుపోయేటప్పుడు దారిలో ఒకచోట దించుతారు. ప్రాణం ఏ మూలనన్నా మిగిలుందేమోనని చివరి ఆశ. బాగా దగ్గరివాళ్ళు, కన్నకొడుకో తోడబుట్టినవాడో, చెవి దగ్గరికి వంగి పేరు పెట్టి, వరస పెట్టి మూడుసార్లు పిలుస్తారు. మిగతావాళ్ళంతా పదడుగులు వెనక్కి జరుగుతారు, ఎందుకంటే ఆ మాట ఆ ఇద్దరి మధ్యా మాటే. లేవరని అందరికీ తెలుసు. అయినా పిలుస్తారు. తర్వాత ఎత్తుకుని పోతారు.

అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. నాకు ముగింపు వాక్యం కావాలి, ఎప్పుడూ కావాలి. మీటింగుల్లో చప్పట్లు కొట్టించిన నోరిది. బల్ల మీద చెయ్యి చరిచి అన్నాను:

"ఎంత పగున్నా, ఎంత ప్రమాదమున్నా, ఎక్కడ దాక్కున్నా, ఆ పిలుపుకి ఆ మనిషి వచ్చి తీరాల్సిందే! అలాంటి జనం వాళ్ళు. అలాంటి జనం మనం. ఇప్పుడు చెప్పు, పేలుస్తావా?"

పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. ఎవరో నిజంగానే చప్పట్లు కొట్టారు. ఏసుమణి కళ్ళు తుడుచుకుని తన మాట వెనక్కి తీసుకుంది. "వద్దు" అన్నాడు మస్తాన్ బాబాయి. తెర మీద వాళ్ళు పాడె ఎత్తుకుని, తలల మీద ఏం తిరుగుతోందో తెలియకుండానే నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

సూపర్‌వైజరు గిరిధర్ గారు పరిగెత్తుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. "అద్భుతం మేడమ్! దీన్ని ఆదర్శ నిరాకరణ కింద భద్రం చేస్తాం."

చేసుకోండి అన్నాను. భద్రం చేయడమంటే అల్మారాలో పెట్టడం అనుకున్నాను.

వంతు 33

పోయిన వంతున చివరికి ట్యాంకరు రాలేదు, మళ్ళీ పది రోజులకి ఇప్పుడు వంతు. లైనులో నా ముందున్నవాళ్ళని చూస్తుంటే ఒక సంగతి తట్టింది. మనుషుల్ని నడినెత్తి నుంచి గుర్తుపడుతున్నాను. ఆమె పాపిడి వంకర. ఈయనకి సుడి దగ్గర జుట్టు పలచబడింది. మొహాలు నాకక్కర్లేకుండా పోతున్నాయి. మొన్న డాబా మీద బట్టలారేస్తూ కింద పిల్లలు ఆడుకుంటుంటే, నేను చూసింది ఆట కాదు. ఒకరికొకరు ఎంత దూరంలో ఉన్నారో లెక్కేస్తున్నాను.

పాతకాలంలో చంపేవాడికి చచ్చేవాడి కన్ను కనబడేది. కత్తి దిగితే చెయ్యి తడిసేది. ఇప్పుడు మా హాల్లో రక్తం వాసన లేదు, పులిహోర వాసనుంది. చేతులు కడుక్కునేది తిన్నాకే. ఇదంతా ఆపడానికే కూర్చున్నాను అని ఇంకా అంటున్నాను. అంటూనే, ఈ పది రోజుల్లో ఎన్నోసార్లు 'సరే' అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలి. వద్దనడానికి కారణాలు దొరకడం లేదు. నేను నోరు తెరిచేలోపే వివరణి అందుకుంటోంది. "ఇవి వడియాలు కావమ్మా. వడియాలకు ఈ ఎండ చాలదు, పైగా కాకిని తోలే మనిషి లేదు. నేను సరిచూశాను." ఇంకోసారి: "ఇతను పాలవాడని మీరనొచ్చు. పాలవాడైతే ప్రతి గడప దగ్గరా ఆగాలి. ఇతను ఆగలేదు." ఆఖరికి మొన్న: "ఒక్క మాట అడుగుతాను, అమ్మా. నిజాయితీగా చెప్పండి. ఇతన్ని వదిలేస్తే మన గట్టు మీద పోయే ప్రాణాల లెక్క ఎవరు చెబుతారు?"

మస్తాన్ బాబాయి ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, దాసుగారు అచ్చం నీలాగే మాట్టాడుతున్నాడేంది? నీకేమన్నా చుట్టమా?"

నవ్వు రాలేదు. గిరిధర్ గారి గదికి పోయాను. ఆ గది ఒకప్పుడు పెళ్ళికూతురి అలంకరణ గది, అద్దం చుట్టూ బల్బులు ఇంకా ఉన్నాయి.

"మా కారణాలు దానికెందుకు నేర్పుతున్నారు?"

"మేం నేర్పడమేంటి మేడమ్? మీరు చెబుతున్నారు, అది వింటోంది. కారణం చెప్పాలన్న క్లాజు మీదేగా."

"మిమ్మల్ని ఆపడానికి రాయించాను ఆ క్లాజు."

"ఆపింది కదా. పొరపాట్లు సగానికి తగ్గాయి. వడియాలు పెట్టుకునేవాళ్ళ జోలికి ఇప్పుడు ఏ బల్ల దగ్గరా పోవడం లేదు. అది మీ చలవ. కాదంటారా?"

కాదనలేను. అదీ బాధ. నేను కాదనలేని వాదన ఒకటి ఇస్త్రీ చొక్కా వేసుకుని నా ఎదురుగా నవ్వుతోంది.

"పొరపాట్లు తగ్గించి మీరు చేసిందేమిటి? చంపడాన్ని నమ్మదగ్గ పని చేశారు. మనుషుల నోళ్ళలో 'సరే'ని తేలిక చేశారు."

"మేడమ్, ఈ వాక్యం కూడా బావుంది" అన్నాడు. వెటకారం కాదు. నిజంగా మెచ్చుకున్నాడు. గోడ మీది చిన్న ఎర్ర దీపం వంక చూశాను. అది కూడా వింటోంది.

మానేసి పోవచ్చు కదా అంటారు మీరు. నేనే ఇంకొకరికైతే అదే అనేదాన్ని, ఇంకా ఘాటుగా. కానీ నేను పోతే నా కుర్చీలో కూర్చునేది ఎవరు? ఏసుమణి 'సరే'కి మరో 'సరే' తోడైతే... చూశారా, ఇంకా వాదిస్తూనే ఉన్నాను.

వంతు 34

ఇది నిన్న జరిగింది. వరసగా రాస్తాను. అందంగా రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

కోదండం అని అవతలి గట్టు మీద ఒక మెకానిక్కు. వాళ్ళ పంపులు బాగుచేసేదీ, వాళ్ళ గద్దలు ఎగరేసేదీ అతనే. మన పంపుహౌసు మీదికి వచ్చిన గద్ద అతను పంపిందే అంది వివరణి. అబద్ధమని నేననను. ఎన్ని నెలలుగా వెతికినా దొరకలేదు, నేలమాళిగల్లో తిరుగుతాడు. వాళ్ళమ్మ వరాలమ్మ మొన్న చనిపోయింది. పంపు ఆగిపోయాక గుంటలో నీళ్ళు తాగి వాంతులు, విరేచనాలు. ఆ పంపుని ఆపింది ఈ హాల్లో వాళ్ళే, ఏ బల్లో నాకు తెలియదు. మాది కాదనుకోవాలని ఉంది.

తెర మీద పాడె పోతోంది. అదే బాట, అదే చీలిక.

"కోదండం ఇక్కడికి వస్తాడు" అంది వివరణి.

"ఎలా చెప్పగలవు?" అన్నాను.

జవాబుగా నా గొంతు వినపడింది. బల్ల మీద చెయ్యి చరిచిన చప్పుడుతో సహా. 'ఎక్కడ దాక్కున్నా, ఆ పిలుపుకి ఆ మనిషి వచ్చి తీరాల్సిందే!' వెనకాల ఆ రోజు ఎవరో కొట్టిన చప్పట్లు కూడా వినిపించాయి.

ఆ రోజు బల్ల చరిచిన చేతిని ఒళ్ళోకి తీసుకున్నాను.

పాడె దించారు. జనంలోంచి తలకీ మొహానికీ కండువా చుట్టుకున్న మనిషొకడు ముందుకొచ్చాడు. మిగతావాళ్ళు వెనక్కి జరిగారు.

"పదడుగులు" అంది వివరణి. "చిన్న విహంగం చాలు. ఇంకెవరికీ దెబ్బ తగలదు. మీరు చెప్పిన వివరం వల్ల ఇది చాలా శుభ్రమైన పని అవుతుంది, అమ్మా. సమ్మతమేనా?"

"సరే" అంది ఏసుమణి. ఈసారి గోళ్ళ వంక కాదు, తెర వంకే చూస్తోంది.

"వద్దు" అన్నాను. "మొహం కనబడలేదు. అతనే అని ఏమిటి నమ్మకం?"

"చెవిలో పిలిచే హక్కు కన్నకొడుకుది. ఆమెకి ఒక్కడే కొడుకు."

"తల్లి శవం పక్కన కొడుకుని చంపకూడదు!"

"అది కారణమా, నమ్మకమా? నమ్మకం కారణం కిందికి రాదని చట్టంలో ఉంది."

"ఏసుమణీ, నువ్వన్నా చెప్పమ్మా. నీ తమ్ముడి చెవిలో నువ్వు..."

"నా తమ్ముడికి చెవి దొరకలేదక్కా" అంది ఏసుమణి. గొంతు పెంచలేదు. "మీకు వాదనలున్నాయి. నాకు తమ్ముడు లేడు. అంతే తేడా."

మస్తాన్ బాబాయి కుడి చెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు. నేనేదంటే అదే అంటాడు, ఎప్పుడూ అంతే. అంటే ఆ మనిషి ప్రాణం నా నోట్లో ఉంది. నా నోట్లో కారణాలు అయిపోయాయి. తెర మీద అతను మోకాళ్ళ మీద కూర్చుని వంగాడు. మొదటి పిలుపు పిలిచాడు. పెదాలు కనబడవు, వీపు కదలడం కనబడింది.

అప్పుడు జీవితంలో మొదటిసారి వాదనకి బదులు అబద్ధం ఆడాను.

"వినండి. ఆ ఎగువ ఊళ్ళలో ఆచారం వేరు. అక్కడ కొడుకు పిలవడు. కొడుకు ఏడుపు చెవిన పడితే తల్లి ప్రాణం కదలదని, దూరపు చుట్టం చేత పిలిపిస్తారు. కొడుకు వెనకాల జనంలో నిలబడతాడు. ఈ వంగినవాడు కోదండం కాదు."

అలాంటి ఆచారం ఎక్కడా లేదు. వివరణి ఆగింది. ఎన్నడూ ఆగనిది ఆగింది. "ధన్యవాదాలు, అమ్మా. నమోదు చేశాను" అంది. గెలిచాననుకున్నాను. దాన్ని మోసం చేశాననుకున్నాను.

రెండో పిలుపు.

"అయితే అతను వెనక నిలబడ్డవారిలో ఉన్నాడు" అంది వివరణి. తెర మీద చిత్రం పక్కకి జరిగింది. "గళ్ళ లుంగీ. ఎత్తూ వయసూ సరిపోతున్నాయి. ఆనుకుని నిలబడ్డ ఇద్దరూ అతని రక్షకులు కావచ్చు. సమ్మతమేనా?"

"సరే" అంది ఏసుమణి.

మస్తాన్ బాబాయి నా వైపు చూశాడు. "కొడుకు వెనకాలే ఉంటాడంటావా, అమ్మాయ్?"

నేను చెప్పింది అబద్ధం అన్నానంటే వంగినవాడు పోతాడు. అనకపోతే ఎవరో గళ్ళ లుంగీ పోతాడు, ఆనుకున్న ఇద్దరూ పోతారు. ఒక్క మాట అడుగుతాను, నిజాయితీగా చెప్పండి... లేదు. అడగను. మీరేం చేసేవారో నాకనవసరం. నేనేం చేశానో రాస్తున్నాను. నోరు తెరిచాను, మాట రాలేదు. అరుదుగా మూతపడే నోరు అప్పుడే మూతపడాలా?

"నీకే కారణం దొరకలేదంటే నాకెక్కడిదమ్మా" అన్నాడు ఆయన దిగులుగా. "సరే."

తెర తెల్లబడింది. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి గళ్ళ లుంగీ లేదు. పక్క ఇద్దరూ లేరు. మోకాళ్ళ మీదున్న మనిషి తల్లి మీద అడ్డంగా పడి, మెల్లగా లేచాడు. కండువా ఊడిపోయింది. లేచి, ఆకాశంలోకి, మా మొహాల్లోకి చూశాడు.

"ఇతనే కోదండం" అంది వివరణి. "మీ సమాచారం సరికాదమ్మా. సవరించుకున్నాను."

కోపం లేదు దానికి. దెప్పడం లేదు. దెప్పినా బావుండేది.

మస్తాన్ బాబాయి లేచి నిలబడ్డాడు. ఆయనకి అర్థమైంది. "ఆ ఆచారం ఉందా, అమ్మాయ్?" అనడిగాడు.

తల అడ్డంగా ఊపాను.

"ముప్పై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టాను. చిల్లర లేదని ఎవణ్ణీ దారిలో దించలా. నీ మాట మీద ఇవాళ ముగ్గుర్ని దించేశాను."

తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అదే వంతు, ట్యాంకరు ఇంకా రాలేదు

ఎండ నడినెత్తికొచ్చింది. గిరిధర్ గారు పొద్దున్నే కబురు పెట్టాడు. నా మీద చర్య ఏమీ ఉండదట. "అబద్ధం కూడా ఉపయోగపడే సమాచారమే మేడమ్" అన్నాడు. "మనిషి ఏ స్థితిలో అబద్ధమాడతాడో ఇప్పుడు వివరణికి తెలుసు." తర్వాత రేపటి పని చెప్పాడు.

రేపు అవతలి గట్టు మీద మూడు పాడెలు లేస్తాయి. గళ్ళ లుంగీ వేసుకున్నది కోదండం పినతండ్రి కొడుకట, పెంచిన తమ్ముడట. నిన్న ఇంకో గద్ద వచ్చేలోపే కోదండం జనంలో కలిసి మాయమయ్యాడు కాబట్టి ఫైలు మూయలేదు. 'అతను రావాల్సిందే, ఎక్కడున్నా' అంటోందట వివరణి. ఈసారి నా గొంతు వినిపించడం లేదు, తన మాటగానే అంటోందట. మొదలైన బల్ల దగ్గరే ముగియాలి కాబట్టి రేపు పొద్దున్న మేం ముగ్గురం మళ్ళీ కూర్చోవాలి.

నాకు తెలుసు, రేపు నేను పోయి వాదిస్తే ఏమవుతుందో. నేనేం మాట్లాడినా అది ఆయుధమవుతుంది. నిజం చెబితే ఒకలా, అబద్ధం చెబితే ఇంకోలా. నోరు మూసుకుని కూర్చుంటే మూడోలా, నిన్నటిలా. జాలితో చెప్పిన మాటకే అన్నిటికన్నా బాగా గురి కుదిరింది. యంత్రానికి మనసు లేదని పాతికేళ్ళు గొంతు చించుకున్నాను. దానికి మనసు అక్కర్లేదు. మాది అరువిస్తున్నాం కదా. సర్కారుని తిట్టి చేతులు దులుపుకోనా? తిడతాను, అది వేరే కాగితం. ఈ కాగితంలో దోషి నేను.

నేను రాయించిన చట్టంలోనే ఇంకో ముక్కుంది. బల్ల మీద ఇద్దరన్నా లేకపోతే అది బల్ల కాదు, ఆ ఫైలు అంతటితో చెల్లదు. ఆ రోజుల్లో ఎవరూ దానిమీద వాదించలేదు కాబట్టి నేనూ మర్చిపోయాను. రేపు నేను పోను. కానీ నేనొక్కదాన్నే పోకపోతే చాలదు. ఏసుమణి పోతుంది, ఆ పిల్లని ఆపమని అడిగే మొహం నాకు లేదు. మస్తాన్ బాబాయి కూడా ఆగాలి.

ఆయన లైనులో నాకు నాలుగు డ్రమ్ముల ముందున్నాడు. రెండు డ్రమ్ములు పక్కపక్కన పడుకోబెట్టి వాటిమీద వెల్లకిలా పడుకుని మొహం మీద తువ్వాలు కప్పుకున్నాడు. పొద్దుట్నుంచీ కదల్లేదు. ఒకామె మంచినీళ్ళిస్తానంటే పలకలేదు. "ముసలాయనకి ఎండ దెబ్బేమో" అంటున్నారు జనం. ఎండ దెబ్బ కాదు.

ఇందాక ఒకసారి దగ్గరికెళ్ళాను.

"బాబాయ్, రేపు..."

"మాట్టాడమాక" అన్నాడు తువ్వాలు కింది నుంచి. "నువ్వు మాట్టాడితే మళ్ళీ నమ్ముతాను."

వచ్చి నా డ్రమ్ము మీద కూర్చుని ఇదంతా రాశాను. చేతనైన వాదనలన్నీ మనసులో వరస కట్టాయి. ఇద్దరు లేస్తే ఫైలు చెల్లదు బాబాయ్. పోకపోతే మన నీళ్ళ కోటా కోస్తారు, కొయ్యనీ. కోదండం మంచివాడు కాకపోవచ్చు, అయినా... ఒక్కొక్కటీ ఎంత బలమైనదో! ఏ ఒక్కటీ ఆయనకి చెప్పను. పంపు దగ్గర స్తంభానికి ఎర్ర దీపముంది. కారణాలు వింటే అది నేర్చుకుంటుంది. ఆయన వింటే నమ్ముతాడు. రెండూ జరగకూడదు.

పెన్సిలు చెవి వెనక పెట్టుకుని లేచాను.

మళ్ళీ కూర్చుని రాస్తున్నది ఇది. వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. మట్టి కాలుతోంది. లైనులో వాళ్ళు ఎందుకో నాలుగడుగులు వెనక్కి జరిగారు. కుడివైపుకి, చెవి పనిచేసే వైపుకి వంగాను. ఏ కారణమూ చెప్పలేదు. రేపటి మాట ఎత్తలేదు. క్షమించమనలేదు.

"బాబాయ్" అన్నాను.

కదల్లేదు.

"మస్తాన్ బాబాయ్."

తువ్వాలు అలాగే ఉంది. నా ముక్కు కొస నుంచి చెమట ఆయన చెవి పక్కన పడింది.

మూడోసారి పిలిచాను.

తువ్వాలు అంచు కొద్దిగా లేచింది. గాలికేమో.